పక్షవాతం వచ్చిన రాత్రి బి.పి. దించాలా? ఒక పాత తగవు చరిత్ర



1945 ఫిబ్రవరిలో యాల్టాలో తీసిన ఫోటో మీలో చాలామంది స్కూలు పుస్తకంలో చూసే ఉంటారు. ముగ్గురు పెద్దమనుషులు కుర్చీల్లో వరసగా కూర్చుని ఉంటారు. ఒక పక్క చర్చిల్, నడుమ భుజాల మీద నల్ల కోటు కప్పుకున్న రూజ్‌వెల్టు, ఇంకో పక్క స్టాలిన్. యుద్ధం అయిపోయినాక ప్రపంచాన్ని ఎట్లా పంచుకోవాలని మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్ళు. చరిత్ర పుస్తకంలో రాయని సంగతి ఒకటుంది. ఆ ముగ్గురికీ పక్షవాతమే వచ్చింది. రూజ్‌వెల్టు ఆ ఫోటో తీసిన రెండు నెలలకే మెదడులో రక్తనాళం చిట్లి పోయాడు. స్టాలిన్ 1953 మార్చిలో అట్లాగే పోయాడు. చర్చిల్‌కి అదే ఏడు జూన్‌లో, ప్రధానమంత్రిగా ఉండగానే, ఇంట్లో విందు జరుగుతుండగా వచ్చింది. పత్రికల యజమానులతో మాట్లాడి ఆ సంగతి బయటికి రాకుండా దాచారు. ఆయన కోలుకున్నాడు గానీ 1965 జనవరిలో చివరిది వచ్చి పోయాడు.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, మన సంఘం వాళ్ళ మధ్య ఒక సలహా తిరుగుతున్నది. ఇంట్లో ఎవరికైనా మూతి వంకర పోయి, చెయ్యి పడిపోతే వెంటనే బి.పి. చూడండి, ఎక్కువ ఉంటే ఫలానా మాత్ర నాలుక కింద పెట్టండి, ఆ తర్వాత ఆస్పత్రికి తీసుకుపోండి అని. నలుగురైదుగురు నాకు పంపి, ఇది నిజమా అని అడిగారు. నేను డాక్టర్ని కాను, రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి. వైద్యం చెప్పే యోగ్యత నాకు లేదు. కానీ రిటైరైనాక చదవడానికి టైము దొరికింది. ఈ ఒక్క ప్రశ్న మీద ప్రపంచంలో పెద్ద పెద్ద డాక్టర్లు ఎన్నో ఏండ్లు తగవు పడ్డారు. ఆ తగవు చరిత్ర చెప్తాను.

ముందు ఒక మాట సంగతి. నేను చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు మా అమ్మ దగ్గర నేర్చుకున్నవే. తెలుగులో రక్తపోటు అంటాము. తమిళంలో బడిపుస్తకం మాట 'రత్త అళుత్తం' అయినా, వీధిలో జనం అనేది 'రత్త కొదిప్పు'. కొదిప్పు అంటే మరగడం, ఉడకడం. మనమూ ఈ ఊళ్ళలో పుట్టి పెరిగినవాళ్ళమే గనక ఇంట్లో తెలుగు మాట్లాడినా ఆ మాటే వాడతాము. మాట మనిషి ఆలోచనని నడుపుతుంది. రక్తం మరుగుతున్నదంటే ఎవరికైనా ఏం తోస్తుంది? పొయ్యి ఆర్పాలి, తొందరగా చల్లార్చాలి అని తోస్తుంది. నిజంగా అక్కడ మరిగేది ఏమీ లేదు. అది తోపు, అంతే. ట్యాంకులో నీళ్ళు గొట్టాన్ని తోసినట్టు గుండె రక్తాన్ని తోస్తుంది.

ఆ తోపు ఎంతో మొదట కొలిచి చూసింది ఒక ఇంగ్లీషు పాదిరి. పేరు స్టీఫెన్ హేల్స్. ఒక ఆడగుర్రాన్ని పడుకోబెట్టి కట్టేసి, తొడ దగ్గరి ధమనిలో ఇత్తడి గొట్టం గుచ్చి, దానికి 9 అడుగుల గాజుగొట్టం తగిలించాడు. రక్తం 8 అడుగుల 3 అంగుళాల ఎత్తుకి లేచింది. 1733లో ఈ సంగతి పుస్తకంగా వేశాడు. మనిషికి ఇట్లా చేయలేరు కదా, అందుకని ఇంకా నూట అరవై ఏండ్లు ఆగాల్సి వచ్చింది. 1896లో ఇటలీలో రీవా-రోచ్చి అనే డాక్టరు చేతికి గాలిపట్టీ చుట్టి పాదరసం గొట్టంతో కొలిచే పద్ధతి కనిపెట్టాడు. 1905లో రష్యా మిలిటరీ డాక్టరు కొరోట్కోవ్, పట్టీ కింద స్టెతస్కోపు పెట్టి వింటే పై లెక్క, కింది లెక్క రెండూ తెలుస్తాయని ఒక చిన్న రిపోర్టు ఇచ్చాడు. మా రైల్వే డాక్టరు మెడికల్ పరీక్ష నాడు చెవుల్లో పెట్టుకుని విన్నది ఆ కొరోట్కోవ్ శబ్దాన్నే.

ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది హార్వే కుషింగ్ అనే అమెరికా సర్జన్ ఐరోపా ప్రయాణం. 1900, 1901లో ఆయన స్విట్జర్లాండులోని బెర్న్‌లో కుక్కల మీద పరీక్షలు చేశాడు. పుర్రె లోపల ఒత్తిడి పెంచుకుంటూ పోతే ఒంట్లో బి.పి. కూడా దానితోబాటు పెరుగుతూ వచ్చింది. లోపలి ఒత్తిడి ఎంత పెంచితే అంతకంటే కాస్త ఎక్కువగా బి.పి. లేస్తున్నది. ఎందుకు? మెదడుకి రక్తం ఆగిపోకుండా ఒళ్ళు చేసుకునే ఏర్పాటు అది. అంటే మెదడుకి కష్టం వచ్చినప్పుడు బి.పి. పెరగడం కొంతమటుకు జబ్బు, కొంతమటుకు ఒళ్ళు చేసే జవాబు. తర్వాతి తగవంతా ఈ రెండిటిలో ఏది ఎంత అన్నదే. అదే ప్రయాణంలో కుషింగ్ ఇటలీలో రీవా-రోచ్చి పట్టీ చూసి, దాన్ని అమెరికాకి పట్టుకుపోయాడు.

ఇక పక్షవాతం సంగతి. ఇది మెదడు జబ్బని, మెదడులో రక్తం కారడం వల్ల వస్తుందని శవాలు కోసి చూసి చెప్పినవాడు యోహాన్ వెప్ఫర్ అనే స్విస్ డాక్టరు. అది 1658లో. చెప్పినాడు గానీ వైద్యం మాత్రం మారలేదు. రక్తం ఎక్కువైంది, అందుకే తలకెక్కింది అనుకుని చెయ్యి కోసి రక్తం తీసేవారు, జలగలు పట్టించేవారు. ఎంత కాలం అంటారా? 1953 మార్చిలో స్టాలిన్ పడిపోతే, బి.పి. 190/110 అని రాసుకుని, ఆయనకీ జలగలు పట్టించారు. ఆయన్ని చాలా కాలం చూసిన సొంత డాక్టరు వినొగ్రాదొవ్ అప్పుడు జైల్లో ఉన్నాడు. విశ్రాంతి తీసుకోమని సలహా ఇచ్చిన డాక్టరుని ఆ సర్కారే కుట్రకేసులో పెట్టింది.

రూజ్‌వెల్టు కథ ఇంకొక రకం. ఆయన బి.పి. లెక్కలు చూడండి. 1937లో 162/98. 1941లో 188/105. 1944 జూన్‌లో, నార్మండీ ఒడ్డున సైన్యాలు దిగిన నాళ్ళలో, 226/118. యాల్టాలో 260/150. ఆయన సొంత డాక్టరు చెవి, ముక్కు, గొంతు చూసే నిపుణుడు. ప్రెసిడెంటు ఆరోగ్యం బాగుందని పత్రికలకి చెప్తూ వచ్చాడు. 1944 మార్చిలో హోవర్డ్ బ్రూయెన్ అనే నేవీ గుండె డాక్టరు చూసి బెదిరిపోయాడు. గుండె పెద్దదైపోయింది, ఊపిరితిత్తుల్లో నీరు. కానీ ఆయన చేతిలో ఏముంది? గుండెకి డిజిటాలిస్, ఉప్పు తగ్గించడం, సిగరెట్లు తగ్గించడం, నిద్రకి మందు, విశ్రాంతి. బి.పి.ని నమ్మకంగా దించే మందు అప్పటికి లేదు. 1945 ఏప్రిల్ 12న జార్జియాలోని వార్మ్ స్ప్రింగ్స్‌లో ఒక చిత్రకారిణి ఆయన బొమ్మ గీస్తుంటే, తల వెనక భయంకరమైన నొప్పి అన్నాడు, పడిపోయాడు. బ్రూయెన్ వచ్చి చూస్తే 300/190. ఆ మధ్యాహ్నమే పోయాడు. వయసు 63. బ్రూయెన్ ఈ లెక్కలన్నీ 1970లోగానీ బయటపెట్టలేదు.

మందు లేకపోవడం ఒక్కటే కారణమని అనుకోకండి. దించకూడదు అనే నమ్మకం కూడా ఉండేది. ముసలితనంలో నాళాలు గట్టిపడి సన్నగిల్లుతాయి, వాటిలోంచి రక్తం పోవాలంటే ఎక్కువ తోపు అవసరం, అందుకని పెరిగిన బి.పి. ఒంటికి అవసరమే అని పెద్ద పెద్ద ప్రొఫెసర్లు అనేవారు. 1931లో లివర్‌పూల్ ప్రొఫెసరు జాన్ హే, ఎక్కువ బి.పి. ఉన్నవాడికి అసలు ప్రమాదం ఆ సంగతి బయటపడడమే, ఎందుకంటే ఎవడో ఒక తెలివితక్కువవాడు దాన్ని దించుతానని బయల్దేరుతాడు అన్న అర్థం వచ్చేట్టు చెప్పాడు. ఇప్పుడు నవ్వొస్తుంది. కానీ ఆ మాటని జ్ఞాపకం పెట్టుకోండి. ఏండ్ల తరబడి ఉన్న బి.పి. విషయంలో ఆయన మాట పూర్తిగా తప్పు. పక్షవాతం వచ్చిన మొదటి రాత్రి విషయంలో మాత్రం అందులో కాస్త నిజం మిగిలింది.

మందుల కాలం రూజ్‌వెల్టు పోయిన నాలుగేండ్లకే మొదలైంది. అందులో మన దేశానికి వాటా ఉంది. సర్పగంధ వేరుని మనవాళ్ళు పాముకాటుకి, నిద్రపట్టనివాళ్ళకి, పిచ్చికి వాడేవారు. బీహారు పక్క దాన్ని పిచ్చిమందు అనే అమ్మేవారు. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఇది బి.పి. కూడా దించుతుందని రాశారు. బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ 50 మంది రోగులకి ఇచ్చి చూసి 1949లో బ్రిటన్ గుండెజబ్బుల పత్రికలో వేశాడు. అప్పుడు ప్రపంచం తిరిగి చూసింది. 1952లో స్విట్జర్లాండు కంపెనీ సిబా దానిలోంచి రెసర్పిన్ తీసింది. అదే కాలంలో అమెరికాలో కెంప్నర్ అనే డాక్టరు ఉత్త అన్నం, పండ్లు, చక్కెర పెట్టి ఉప్పు బొత్తిగా తీసేసి బి.పి. దించి చూపించాడు. అన్నం తింటే బి.పి. తగ్గుతుందని సంబరపడకండి. మన సాంబారు, ఊరగాయ, అప్పడం ఆ పథ్యంలో లేవు.

తర్వాత 1967లో, 1970లో అమెరికా మాజీ సైనికుల ఆస్పత్రుల్లో ఎడ్వర్డ్ ఫ్రీస్ నడిపిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. మొదటి దాంట్లో కింది లెక్క 115 నుంచి 129 దాకా ఉన్న 143 మంది మగవాళ్ళు. సగం మందికి మందు, సగం మందికి ఉత్త మాత్ర. ఉత్త మాత్ర వాళ్ళలో 27 మందికి పెద్ద ఆపదలు వచ్చాయి, మందు వాళ్ళలో ఇద్దరికే. ఇంత తేడా వైద్యంలో అరుదు. దాంతో హే మాట మూలపడింది. బి.పి. ఉందంటే దించాల్సిందే అన్నది డాక్టర్లకి వేదవాక్కు అయింది.

ఇక్కడే చిక్కు వచ్చింది. ఫ్రీస్ పరీక్ష చెప్పింది నెలలు, ఏండ్ల సంగతి. నెమ్మదిగా దించి, అట్లాగే ఉంచితే పక్షవాతం రాదని. ఆ మాటని తీసుకుపోయి పక్షవాతం వచ్చిన గంటకి తగిలించారు. అప్పుడే పడిపోయిన మనిషికి 210 ఉందంటే, వెంటనే 120కి తెచ్చేస్తే మంచిదేగా అనుకున్నారు. అనుకోవడం సహజమే. బి.పి. వల్ల వచ్చిన జబ్బు గనక బి.పి. దించితే తగ్గుతుందని ఎవరికైనా తోస్తుంది.

దానికి ఒక ఆయుధం కూడా దొరికింది. నిఫెడిపిన్. 1970లలో జర్మనీ నుంచి గుండెనొప్పి మందుగా వచ్చింది. మెత్తటి గొట్టంమాత్ర, లోపల ద్రవం. దాన్ని సూదితో పొడిచి నాలుక కింద పిండితే పది, ఇరవై నిమిషాల్లో బి.పి. దడాలున పడిపోయేది. 1980లు, 90లలో ప్రపంచమంతా ఇదే. మన ఊళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఒకాయన డ్రాయర్లోనే ఈ మాత్రలు పెట్టుకుని, ఎవరికి తల తిరిగినా తీసిచ్చేవాడు. ఆయన మంచిమనిషి, సాయం చేస్తున్నాననే అనుకునేవాడు. అప్పుడు డాక్టర్లే అట్లా చేస్తుంటే ఆయన్ని అని ఏం లాభం?

అది ఎందుకు ప్రమాదమో అర్థం కావాలంటే మెదడు నీళ్ళ పంపకం తెలుసుకోవాలి. కోపెన్‌హాగన్ డాక్టరు నీల్స్ లాసెన్ 1959లో ఈ విషయాన్ని తేటగా రాశాడు. బి.పి. కాస్త పెరిగినా తగ్గినా మెదడుకి పోయే రక్తం మారదు. మెదడులోని చిన్న నాళాలు తమంతట తామే సన్నబడి, వెడల్పయి సరిచేసుకుంటాయి. కానీ దానికి పై హద్దు, కింది హద్దు ఉన్నాయి. 1973లో అక్కడివాడే స్ట్రాండ్‌గార్డ్ ఇంకొక సంగతి చూపించాడు. చాలా ఏండ్లుగా ఎక్కువ బి.పి.తో బతికినవాళ్ళకి ఆ హద్దులు రెండూ పైకి జరిగిపోతాయి. మీకూ నాకూ చాలిన బి.పి. వాళ్ళ మెదడుకి చాలదు.

ఇంక గడ్డ అడ్డుపడిన మెదడు సంగతి. మా స్టేషన్లో పెట్టెలకి నీళ్ళు పట్టే గొట్టం ప్లాట్‌ఫారం పొడుగునా ఉండేది. నడుమ ఎక్కడో తుప్పు పట్టి సగం మూసుకుపోతే చివరి పెట్టె దగ్గర నీళ్ళు సన్నగా, దారంలాగా వచ్చేవి. ట్యాంకు నిండుగా ఉన్నంతవరకు ఆ దారమైనా వచ్చేది. ట్యాంకు మట్టం దిగిందంటే ముందు పెట్టెలకి తేడా తెలియదు, చివరి పెట్టెకి చుక్క రాదు. మెదడులో గడ్డ అడ్డుపడినప్పుడు నడుమ కొంత భాగం నిమిషాల్లో చచ్చిపోతుంది. దాని చుట్టూ ఇంకొక భాగం ఉంటుంది, అది పని ఆపేసినా బతికే ఉంటుంది, పక్కదారుల్లో వచ్చే ఆ దారంలాంటి రక్తంతో. 1970ల చివర, 1981లో ఆస్ట్రుప్, సైమన్, సీషో అనే శాస్త్రవేత్తలు దీనికి గ్రహణం భాషలోంచి పేరు తెచ్చి పెట్టారు. గ్రహణంలో పూర్తి చీకటి చుట్టూ ఉండే అరచీకటిని పెనంబ్రా అంటారు, అదే పేరు. గడ్డ తీసేస్తే ఆ అరచీకటి భాగం లేచి కూర్చుంటుంది. ఈలోపల బి.పి. దించేస్తే అది కూడా చీకటైపోతుంది. చేతి వేళ్ళు మాత్రమే తిమ్మిరెక్కిన మనిషి మొత్తం ఒక పక్క పడిపోవచ్చు.

1981లోనే ఇంకొక లెక్క వచ్చింది. వాలెస్, లెవీ అనే ఇద్దరు, పక్షవాతంతో ఆస్పత్రిలో చేరిన 334 మందిని వరసగా చూశారు. చేరిన రోజున 84 శాతం మందికి బి.పి. ఎక్కువే. పదో రోజుకి, ప్రత్యేకంగా ఏమీ చేయకుండానే, సగటున పై లెక్క 20, కింది లెక్క 10 దిగింది. అంటే కుషింగ్ కుక్కల్లో చూసిన ఆ జవాబే ఇది చాలావరకు. కష్టం తీరినకొద్దీ అదే దిగుతుంది.

1985లో అమెరికాలో ఒక నరాల పత్రిక ఒకే సంచికలో రెండు వ్యాసాలు పక్కపక్కన వేసింది. ఒకటి వైద్యం చేయాలి అని, ఇంకొకటి చేయకూడదు అని. పట్టిమన్రంలో రెండు పక్షాలు కూర్చున్నట్టు. తీర్పు చెప్పే నడువర్ మాత్రం అప్పటికి లేడు. 1995లో అమెరికా మందుల సంస్థ ఎఫ్.డి.ఏ. ఆ నిఫెడిపిన్ మాత్రని నాలుక కింద అత్యవసరంగా వాడడం క్షేమమూ కాదు, ఫలితమూ లేదు అని తేల్చింది. 1996లో గ్రాస్‌మన్, మెస్సర్లీ మొదలైనవాళ్ళు, ఈ పద్ధతి వల్ల పక్షవాతాలు, గుండెపోట్లు, చావులు వచ్చిన కేసులన్నీ ఒక చోట చేర్చి, దీన్ని ఆపేయాలని రాశారు. మన పల్లెల దాకా ఆ వార్త ఇంకా సరిగా చేరలేదని, ఇప్పుడు తిరుగుతున్న ఈ సలహా చూస్తే తెలుస్తున్నది.

మరి రక్తం చిట్లినవాళ్ళ సంగతేమిటి? అక్కడ లెక్క తిరగబడుతుంది. గొట్టం పగిలి నీళ్ళు కారుతుంటే ట్యాంకు మట్టం తగ్గించడమే మేలు. చూడడానికి రెండు జబ్బులూ ఒకటే. రెండిట్లోనూ మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట తడబడడం. ఎంత పెద్ద డాక్టరైనా బయటినుంచి చూసి నూటికి నూరు చెప్పలేడు. తేడా చూపించే యంత్రం 1971లో వచ్చింది. ఇంగ్లాండులో ఈ.ఎం.ఐ. కంపెనీ ఇంజనీరు గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ చేసిన సి.టి. స్కాన్. అక్టోబరు 1న వింబుల్డన్ దగ్గరి ఆస్పత్రిలో మొదటి రోగి తల తీశారు. ఈ.ఎం.ఐ. అంటే అప్పట్లో పాటల రికార్డుల కంపెనీ, కుక్క బొమ్మ హెచ్.ఎం.వి. అప్పుడు వాళ్ళదే. ఘంటసాల పాటలు విన్న రికార్డుల వెనక ఉన్న కంపెనీలోంచే తల లోపలికి చూసే యంత్రం వచ్చిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. 1979లో ఆయనకి నోబెల్ ఇచ్చారు, అలన్ కార్మాక్‌తో కలిపి.

స్కాన్ వచ్చినాక రెండు దారులూ వేరయ్యాయి.

గడ్డ దారిలో 1995లో పెద్ద మలుపు వచ్చింది. 624 మందితో జరిగిన అమెరికా పరీక్షలో, 3 గంటల్లోపల గడ్డ కరిగించే సూది వేస్తే అంగవైకల్యం తగ్గుతుందని తేలింది. 2008లో ఆ గడువు నాలుగున్నర గంటలకి పెరిగింది. ఈ సూదికి ఒక షరతు. బి.పి. 185/110 లోపల ఉండాలి, వేసినాక ఒక రోజంతా 180/105 దాటకూడదు. దాటితే కరిగిన చోట రక్తం కారే ప్రమాదం. సూది వేయని రోగికైతే 220/120 దాకా మామూలుగా ముట్టుకోకుండా వదిలేస్తారు, గుండెకో మూత్రపిండాలకో వేరే ఆపద ఉంటే తప్ప. మనవాళ్ళు చాలామంది ఆస్పత్రిలో గొడవపడేది ఇక్కడే. 200 ఉందని మెషిన్ చూపిస్తుంటే డాక్టరు ఏమీ చేయకుండా నిలబడ్డాడే అని. ఆయన నిర్లక్ష్యం చేయడం లేదు, కావాలనే వదిలిపెట్టాడు.

దించితే లాభముందా అని ఆ తర్వాత ఎన్నోసార్లు పరీక్షించారు. 2011లో 2029 మందితో ఐరోపాలో, 2014లో 4071 మందితో చైనాలో, 2015లో 4011 మందితో ఇంకొకటి. ఏ ఒక్కదాంట్లోనూ లాభం కనిపించలేదు. చైనా పరీక్షలో అయితే రెండు గుంపుల్లోనూ చెడు ఫలితం సరిగ్గా 33.6 శాతమే. గొట్టం పెట్టి గడ్డని బయటికి లాగే వైద్యం వచ్చినాక, గడ్డ పోయింది కదా ఇంక గట్టిగా దించవచ్చేమో అనుకుని 120 లోపలకి తెచ్చారు. 2022లో చైనాలో ఆ పరీక్షని, రోగులకి కీడు జరుగుతున్నదని నడుమనే ఆపేయాల్సి వచ్చింది. మరుసటి ఏడు కొరియాలో 140 లోపలకి దించిన పరీక్షకీ అదే గతి.

చిట్లిన దారిలో మాత్రం ఇంకో కథ. ఆస్ట్రేలియా డాక్టరు క్రెయిగ్ ఆండర్సన్ బృందం 2013లో 21 దేశాల్లో, మన దేశంలో కూడా, 2839 మందిని తీసుకుని, సగం మందికి ఒక గంటలో 140 లోపలకి తెచ్చారు. చావులు, తీవ్ర వైకల్యం కలిపి 52 శాతం, పాత పద్ధతిలో 55.6 శాతం. తేడా చిన్నది, లెక్కల శాస్త్రం గీసిన గీతని కొద్దిలో దాటలేదు. 2016లో వెయ్యి మందితో ఇంకా కిందికి, 110 దగ్గరిదాకా తోసి చూశారు. లాభం లేకపోగా మూత్రపిండాలకి దెబ్బ. దాంతో 140 దగ్గర ఉంచాలి, 130 కిందికి పోనివ్వకూడదు అన్న పద్ధతి స్థిరపడింది. 2023లో ఆండర్సన్ బృందమే 7036 మందితో, బి.పి. ఒక్కటే కాకుండా చక్కెర, జ్వరం, రక్తం పలచబడే మందు విరుగుడు, ఈ నాలుగూ కలిపి మొదటి గంటల్లోనే పట్టించుకుంటే ఎక్కువమంది బాగుపడతారని చూపించింది. ఆ పది దేశాల్లోనూ ఇండియా ఉంది. కొత్త మందు ఏమీ లేదు, ఉన్నవాటినే వేళకి చేయడం. రైల్వేలో పనిచేసినవాళ్ళకి ఈ సంగతి వివరించనక్కర్లేదు.

ఇక మన ప్రశ్నకి నేరుగా జవాబు చెప్పే పరీక్ష 2024 మేలో వచ్చింది. చైనాలో ఆంబులెన్సులోనే, స్కాన్ తీయకముందే, బి.పి. దించే సూది వేసి చూశారు. 2404 మంది. జబ్బు మొదలైన సుమారు గంటలోనే వైద్యం అందింది. మన ఇంట్లో నాలుక కింద మాత్ర పెట్టే సందర్భానికి ఇంతకంటే దగ్గరి పరీక్ష దొరకదు. మొత్తం మీద చూస్తే ఫలితం సున్న. లాభమూ లేదు, నష్టమూ లేదు. తర్వాత స్కాన్ చూసి రెండు గుంపులుగా విడదీశారు. రక్తం చిట్లినవాళ్ళకి మేలు జరిగింది. గడ్డ అడ్డుపడినవాళ్ళకి కీడు జరిగింది. రెండూ కలిపితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్న వచ్చింది. అంతా అనుభవమున్న సిబ్బంది, సరిగా కొలిచి సూది వేస్తేనే ఇట్లా. ఇంట్లో కంగారులో, పాత మెషిన్ చూసి, ఎవరి మాత్రో తెచ్చి పెడితే ఏమవుతుందో ఊహించుకోండి. పైగా మింగే శక్తి పోయిన మనిషి నోట్లో మాత్ర, నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఇది చదివి ఎవరూ రోజూ వేసుకునే బి.పి. మాత్ర ఆపేయకండి. జబ్బు నిలకడపడినాక సంగతి వేరు. 2001లో 6105 మందితో జరిగిన పరీక్షలో, పక్షవాతం వచ్చి నిలదొక్కుకున్నవాళ్ళకి మాత్రలతో పై లెక్క 9, కింది లెక్క 4 మాత్రమే దిగింది. అంత చిన్న తేడాకే రెండోసారి పక్షవాతం రావడం 28 శాతం తగ్గింది. ఎప్పుడు మొదలుపెట్టాలన్నది డాక్టరు చెప్తాడు, ఎక్కువగా కొన్ని రోజులు ఆగి.

ఈ పరీక్షలన్నిటిలోనూ డాక్టర్లు మొదట అడిగిన ప్రశ్న బి.పి. ఎంత అని కాదు. చివరిసారి ఈ మనిషి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకి? గడ్డ సూది గడువు అక్కడినుంచే లెక్క. రాత్రి పదికి పడుకుని తెల్లవారి ఆరింటికి చెయ్యి పడిపోయి లేస్తే, లెక్క పది నుంచే. స్టేషన్ రిజిస్టరులో బండి వచ్చిన టైము, పోయిన టైము రాసినట్టు ఆ టైము ఒక కాయితం మీద రాయండి. రోజూ వేసుకునే మాత్రల చీటీ, ముఖ్యంగా రక్తం పలచబడే మందు ఉంటే దాని పేరు, ఆ కాయితంతోనే పెట్టండి. నోట్లో ఏమీ వేయకుండా 108కి ఫోన్ చేయండి. 2005లో హైదరాబాదులో మొదలై, 2008లో మన తమిళనాడుకి వచ్చిన బండి అది. స్కాన్ ఉన్న ఆస్పత్రికే తీసుకుపొమ్మని అడగండి. పక్కవీధి క్లినిక్కులో బి.పి. దించుకుని పోదామంటే ఆ గంట మళ్ళీ దొరకదు. మీ ఊళ్ళో రాత్రిపూట స్కాన్ తీసే చోటు పెరియాస్పత్రా, ఇంకొకటా అన్నది ఇప్పుడే కనుక్కుని, తలుపు వెనక రాసి అంటించండి.